పాత కంప్యూటర్‌కు నాడి చూద్దాం

చాలా పాఠశాలల్లో కంప్యూటర్ల గదిలో ఒక మూల గుడ్డ కప్పి పక్కకు జరిపిన కంప్యూటర్ ఒకటి కనిపిస్తుంది. దాని సంగతేమిటని అడిగితే "అది పోయింది" అంటారు. ఏం పోయింది? ఎక్కడ పోయింది? ఎందుకు పోయింది? ఆ మాట మాత్రం ఎవరూ చెప్పరు.

ఇంటికి వచ్చిన వైద్యుడు రోగి ముఖం చూసి, "ఈయనకు జబ్బు చేసింది" అని చెప్పి వెళ్లిపోతే మనం ఊరుకుంటామా? ఏ జబ్బు, ఏ అవయవానికి అని అడగమూ? "పోయింది" అన్నదీ అలాంటి మాటే. అది రోగం పేరు కాదు. రోగం కనిపెట్టడం అప్పటికింకా మొదలే కాలేదన్నమాట.

కంప్యూటర్ పెట్టెలో వందలాది భాగాలుంటాయి. అది ఆగిపోయిందంటే అవన్నీ ఒక్కసారిగా చచ్చిపోయాయని కాదు. సాధారణంగా చెడేది ఒక్కటే. ఆ ఒక్కటి కొద్ది రూపాయల బ్యాటరీ కావచ్చు, వదులైన తీగ కావచ్చు. దానికోసం మొత్తం పెట్టెను పారేస్తే, ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టే. పైగా పోయేది పెట్టె ఒక్కటే కాదు. అందులో ఎన్నో ఏళ్లుగా దాచుకున్న మార్కుల జాబితాలు, పాఠాలు, ఫోటోలు ఉంటాయి. పెట్టెను మళ్లీ కొనుక్కోవచ్చు. వాటిని ఏ దుకాణంలోనూ అమ్మరు.

కాబట్టి ముసలి కంప్యూటర్‌కు నాడి చూడటం ఎలాగో తెలుసుకుందాం.

ముసలితనం దేనికి వస్తుంది?

కంప్యూటర్ నడవదు, పరిగెత్తదు, బరువులు మొయ్యదు. మరి దానికి ముసలితనం ఎందుకు?

నిజానికి అందులో ప్రధానమైన సిలికాన్ చిప్పులు అంత తొందరగా ముసలివి కావు. ముందుగా ముసలివయ్యేవి మూడు రకాలు: కదిలేవి, తడివి, తగిలేవి. ఈ మూడు మాటలూ గుర్తుంచుకుంటే సగం వైద్యం వచ్చినట్టే.

కదిలేవి అంటే ఫ్యాన్లు, హార్డ్‌డిస్క్. ఫ్యాన్ ఇరుసులో ఉన్న నూనె కాలక్రమాన ఎండుతుంది. రెక్కలకు దుమ్ము పడుతుంది. ఫ్యాన్ మొదట గుర్రుమంటుంది, తరువాత నెమ్మదిస్తుంది, చివరకు ఆగుతుంది. హార్డ్‌డిస్క్ సంగతి తరువాత చూద్దాం.

ఇక తడివి. కంప్యూటర్లో తడి ఏమిటని ఆశ్చర్యపోతున్నారా? మదర్‌బోర్డు మీద చిన్న చిన్న డబ్బాల్లాంటివి నిలబడి ఉంటాయి. అవి కెపాసిటర్లు. వాటిలో చాలావాటి లోపల విద్యుద్విశ్లేష్య ద్రవంతో తడిసిన కాగితం చుట్ట ఉంటుంది. గడియారానికి ప్రాణం పోసే నాణెం బ్యాటరీలోనూ తడి రసాయనమే ఉంటుంది. ప్రాసెసర్ చిప్పుకీ, దాని వేడిని లాగే అల్యూమినియం దిమ్మకీ మధ్య పూసిన లేపనం కూడా తడిదే. కెపాసిటర్‌కూ, లేపనానికీ ఈ తడి ఆరిపోవడమే ముసలితనం; బ్యాటరీకి రసాయనం ఖర్చయిపోవడం.

తగిలేవి అంటే ఒకదానిలో ఒకటి దూర్చిన భాగాలు. ర్యామ్ పలకలు, కార్డులు, తీగల కొసలు అన్నమాట. కంప్యూటర్ వేసినప్పుడు ఇవి వేడెక్కి రవ్వంత వ్యాకోచిస్తాయి. ఆపినప్పుడు చల్లారి సంకోచిస్తాయి. ఏళ్ల తరబడి ఇలా జరిగితే పట్టు సడలుతుంది. ఆ సందులో దుమ్మూ తేమా చేరతాయి.

ఈ వేడి చల్లదనాల బాధ కంప్యూటర్లతోపాటే పుట్టింది. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో తయారై 1946లో లోకానికి పరిచయమైన ఎనియాక్ అనే యంత్రంలో సుమారు 18 వేల వాల్వులుండేవి. వాటిలో ఎక్కువ భాగం యంత్రాన్ని వేసేటప్పుడో, ఆపేటప్పుడో మాడిపోయేవి. అందుకని ఇంజనీర్లు దాన్ని వీలైనంతవరకూ ఆపేవారే కాదు. అది చెడకుండా ఏకధాటిగా పనిచేసిన అత్యధిక కాలం 116 గంటలు, అదీ 1954లో! అయిదు రోజులు కూడా నిండలేదు. అయితే మన కంప్యూటర్‌ను రాత్రింబవళ్లు వేసి ఉంచమని దీని అర్థం కాదు. ఇందులో వాల్వులు లేవు, కరెంటు ఖర్చు మాత్రం ఉంది.

ఎండిపోయే ట్యాంకు

కెపాసిటర్ చేసే పని మీకు బాగా తెలిసిందే. మీ ఇంటి మీద నీళ్ల ట్యాంకు ఎందుకు? వీధి కుళాయి ఒకసారి జోరుగా, ఒకసారి సన్నగా వచ్చినా ఇంట్లో కుళాయి మాత్రం ఒకే ధారగా రావడానికి. కెపాసిటర్ కూడా అంతే. ఎగుడుదిగుడుగా వచ్చే విద్యుత్తును నిలవ చేసుకుని, చిప్పులకు నిలకడగా అందిస్తుంది. లోపల ద్రవం ఎండితే ట్యాంకు చిన్నదైపోయినట్టే. ధార తెగుతుంది, కంప్యూటర్ తనంతట తానే ఆగి మళ్లీ మొదలవుతుంది. చలికాలం ఉదయం రెండు మూడు సార్లు మీట నొక్కితేగాని లేవని కంప్యూటర్‌కు తరచు ఈ జబ్బే ఉంటుంది. చలికి ఆ ద్రవంలో విద్యుత్ నిరోధం పెరుగుతుంది మరి.

ఇది ఎన్నాళ్లకు ఎండుతుంది? దానికో చక్కని లెక్క ఉంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీల సెంటిగ్రేడ్ తగ్గినప్పుడల్లా కెపాసిటర్ ఆయుష్షు ఇంచుమించు రెట్టింపు అవుతుంది. 105 డిగ్రీల దగ్గర 2,000 గంటలు పనిచేసే కెపాసిటర్‌ను తీసుకోండి. 95 దగ్గర అది 4,000 గంటలు, 85 దగ్గర 8,000, 75 దగ్గర 16,000, 65 దగ్గర 32,000 గంటలు పనిచేస్తుంది. రోజుకు 8 గంటలు వాడితే 32,000 గంటలంటే 4,000 రోజులు. దాదాపు 11 ఏళ్లు! పెట్టెలో దుమ్ము పేరుకుని వేడి 10 డిగ్రీలు పెరిగిందనుకోండి. 11 ఏళ్లు కాస్తా అయిదున్నర ఏళ్లవుతుంది. దుమ్ము దులపడం ముచ్చట కోసం చేసే పని కాదని ఇప్పుడు తెలిసిందిగదా!

కెపాసిటర్ జబ్బు కళ్లకు కనిపిస్తుంది కూడా. దాని నెత్తిన అడ్డంగా గాట్లుంటాయి. లోపల వాయువు పుట్టి ఒత్తిడి పెరిగితే పేలకుండా ఆ గాటు దగ్గర విచ్చుకోవడానికి అవి పెట్టారు. నెత్తి చదునుగా ఉంటే ఆరోగ్యం. పూరీలా ఉబ్బినా, గోధుమరంగు జిగురు కారినా జబ్బు. 2000 తర్వాత కొన్నేళ్లపాటు ప్రపంచమంతటా ఇలాంటి నాసి కెపాసిటర్లు అసంఖ్యాకంగా ఉబ్బిపోయాయి. అలాంటి కంప్యూటర్లకు మరమ్మతు చేసే ఖర్చు కింద ఒక్క డెల్ కంపెనీయే 2005లో 30 కోట్ల డాలర్లు కేటాయించవలసి వచ్చింది.

మూత తీసే ముందు

నాడి చూసేవాడు ముందు తన ప్రాణం చూసుకోవాలి. ఉపాధ్యాయుడో, పని తెలిసిన పెద్దవారో దగ్గర లేకుండా మూత తియ్యకండి. స్విచ్ ఆపితే చాలదు. ప్లగ్గు గోడ నుంచి ఊడదియ్యాలి.

కరెంటు తీగ వచ్చి చేరే ఇనుప పెట్టెను ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. మన ఇళ్లలో కరెంటు 230 వోల్టులంటాం. అది ఒక రకం సగటు. అల శిఖరం దగ్గర దాని విలువ సుమారు 325 వోల్టులు. ఎస్.ఎం.పి.ఎస్.లోని పెద్ద కెపాసిటర్లు ఆ శిఖరం దాకా నిండుతాయి. ప్లగ్గు తీశాక కూడా కొంతసేపు ఆ విద్యుత్తును పట్టుకునే ఉంటాయి. ఆ పెట్టె చెడిందని తేలితే మొత్తంగా మార్చాలిగాని, లోపల వేలు పెట్టరాదు.

ఇంకొకటి. చలికాలంలో ఉన్ని బట్టలు విప్పుతుంటే చిటపటమంటుంది చూశారా? ఆ స్థిర విద్యుత్తు మనకు చురుక్కుమనేసరికి కొన్ని వేల వోల్టుల్లో ఉంటుంది. అంతకంటే చాలా తక్కువకే చిప్పు పాడవుతుంది, మనకు తెలియను కూడా తెలియదు. అందుకని భాగాలను ముట్టుకునే ముందు పెట్టె లోహపు చట్రాన్ని ఒకసారి ముట్టుకోండి. అప్పుడు మీరూ, పెట్టే ఒకే వోల్టేజికి వస్తారు.

నిద్రలేచే వరస

మీట నొక్కగానే కంప్యూటర్ ఒక్కసారిగా లేవదు. ఒక వరసలో లేస్తుంది. ముందు ఎస్.ఎం.పి.ఎస్. మేలుకుని 12, 5, 3.3 వోల్టుల విద్యుత్తును తయారుచేస్తుంది. అవి నిలకడగా ఉన్నాయని తేలాక "అంతా క్షేమం" అనే సంకేతాన్ని మదర్‌బోర్డుకు పంపుతుంది. అప్పుడు ప్రాసెసర్ లేచి, బోర్డు మీది చిప్పులో రాసి ఉన్న మొదటి పాఠం చదువుతుంది. ఆ పాఠం ప్రకారం తనను తాను పరీక్షించుకుంటుంది. ర్యామ్ ఉందా? బొమ్మ చూపే భాగం ఉందా? కీబోర్డు, డిస్కు ఉన్నాయా? అన్నీ సరిపోతే డిస్కులోంచి విండోస్‌నో, లినక్స్‌నో పిలుస్తుంది.

కాబట్టి వరసలో ఎక్కడ ఆగిందో చూస్తే, రోగం ఎక్కడుందో సూచన దొరుకుతుంది.

మీట నొక్కితే దీపమూ లేదు, ఫ్యాన్ కదలికా లేదు. అప్పుడు గోడ స్విచ్, తీగ, ఎస్.ఎం.పి.ఎస్. అనుమానితులు. అదే ప్లగ్గులో వేరే దీపం పెట్టి చూడటం మొదటి పరీక్ష. నవ్వకండి. చాలా కంప్యూటర్ల జబ్బు గోడలోనే ఉంటుంది.

ఫ్యాన్ తిరుగుతోంది, తెర నల్లగా ఉంది. ముందు మానిటర్ తీగ చూడాలి. తరువాత ర్యామ్. పెట్టె కూతలు కూస్తుంటే శ్రద్ధగా లెక్కపెట్టండి. తెర పనిచెయ్యనప్పుడు కంప్యూటర్ మాట్లాడే భాష అదే. ఏ కూతకు ఏ అర్థమో ఒక్కో తయారీదారుకు ఒక్కో రకంగా ఉంటుంది. బోర్డుతో వచ్చిన పుస్తకంలో చూసుకోవాలి.

తెర మీద అక్షరాలు వచ్చాయిగాని డిస్కు కనబడలేదంటోంది. అయితే డిస్కో, దాని తీగో.

అంతా బాగానే ఉందిగాని, రోజూ ఏనాటిదో పాత తేదీ చూపిస్తోంది. ఇది అన్నిటికంటే తేలిక జబ్బు. నాణెం బ్యాటరీ అయిపోయింది. దాని మీద సి.ఆర్. 2032 అని ఉంటుంది. ఆ అంకెల్లో రహస్యమేమీ లేదు. 20 మిల్లీమీటర్ల వ్యాసం, 3.2 మిల్లీమీటర్ల మందం అన్నమాట. ఇచ్చేది 3 వోల్టులు. ఇంత చిన్న బ్యాటరీ పోతే ఎంత పెద్ద తంటా వస్తుందో చూడండి. తేదీ తప్పయితే ఎన్నో వెబ్‌సైట్లు తెరుచుకోవు. అవతలి భద్రతా పత్రం గడువు సరిపోలడంలేదని కంప్యూటర్ అనుకుంటుంది. దాంతో "ఇంటర్నెట్ పోయింది" అని కొత్త రోగం పేరు పుడుతుంది!

సగానికి సగం

పెళ్లి పందిరికి కట్టిన సీరియల్ బల్బుల తోరణం వెలగలేదనుకోండి. 64 బల్బుల్లో ఒకటి మాడింది. ఒక్కొక్కటే చూసుకుంటూ పోతే 63 సార్లు చూడవలసి రావచ్చు. తెలిసిన ఎలక్ట్రీషియన్ అలా చెయ్యడు. ప్లగ్గు తీసేసి, మీటరుతో సరిగ్గా సగం తోరణాన్ని పరీక్షిస్తాడు. ఆ సగం బాగుంటే దోషం రెండో సగంలో ఉన్నట్టే. మిగిలిన 32ను మళ్లీ సగం చేస్తాడు. 16, 8, 4, 2, 1. ఆరే ఆరు పరీక్షలు!

కంప్యూటర్ దగ్గరా ఇదే ఉపాయం. నిద్రలేచే వరసకు మధ్యలో ఉన్న ప్రశ్న "తెర మీద అక్షరం వచ్చిందా?" అన్నది. వస్తే విద్యుత్తు, ప్రాసెసర్, ర్యామ్ చాలావరకు క్షేమమే. డిస్కు వైపు వెతకాలి. రాకపోతే ఇటువైపు.

అక్షరం రాలేదనుకోండి. ప్లగ్గు తీసి, డిస్కులూ అదనపు కార్డులూ ఊడదియ్యండి. ఎస్.ఎం.పి.ఎస్., బోర్డు, ప్రాసెసర్, ఒక్క ర్యామ్ పలక, బొమ్మ చూపే భాగం ఉంటే చాలు. ఇప్పుడు లేచిందా? అయితే తీసినవాటిలోనే దొంగ ఉన్నాడు. ఒక్కొక్కటే మళ్లీ తగిలిస్తూ పోతే ఎక్కడో దొరుకుతాడు. ఇంకా లేవలేదా? ర్యామ్ పలక తీసి, దాని బంగారుపూత అంచును మెత్తని రబ్బరుతో నెమ్మదిగా రుద్ది, పొడి దులిపి, క్లిక్కుమనేదాకా నొక్కి పెట్టండి. తగిలేవాటి జబ్బు చాలాసార్లు దీనితోనే కుదురుతుంది. అప్పటికీ లేవకపోతే ర్యామ్ పూర్తిగా తీసేసి మీట నొక్కండి. పెట్టెలో స్పీకరుండి కూత వినిపిస్తే సంతోషించండి. ర్యామ్ లేదని ఫిర్యాదు చేసేపాటి ప్రాణం బోర్డుకూ ప్రాసెసర్‌కూ ఉందన్నమాట.

ఒక్క నియమం మాత్రం మరవకూడదు. ఒకసారి ఒక్కటే మార్చాలి. దుమ్ము దులిపి, ర్యామ్ మార్చి, తీగ మార్చి, మీట నొక్కితే కంప్యూటర్ లేచిందనుకోండి. దేనివల్ల లేచింది? మీకు తెలియదు. ఈసారి అదే జబ్బు వస్తే అనవసరంగా ర్యామ్ కొనుక్కొస్తారు. ప్రయోగశాలలో ఒక్క రాశిని మాత్రమే మార్చి మిగిలినవాటిని స్థిరంగా ఉంచుతారే, అదే పద్ధతి ఇది.

మధ్యాహ్నం ఆగిపోయే కంప్యూటర్

ఒక కంప్యూటర్ ఉదయం బాగానే పనిచేస్తుంది. మధ్యాహ్నం పావుగంటకోసారి ఆగిపోతుంది. కారణం ఏమై ఉంటుంది?

వేడి అని మీకు వెంటనే తోస్తుంది. కాని తోచడం వేరు, రుజువు కావడం వేరు. పక్క మూత తీసి, బల్ల ఫ్యాను గాలి లోపలికి తగిలేటట్టు పెట్టండి. ఇప్పుడు గంట దాటినా ఆగలేదంటే మీ ఊహకు బలం వచ్చింది. అప్పటికీ పావుగంటకే ఆగిందంటే ఊహ తప్పు కావచ్చు. ఎస్.ఎం.పి.ఎస్. వైపు చూడాలి. మొదలయ్యేటప్పుడు బయాస్ తెరలోకి వెళితే చాలా బోర్డులు ఉష్ణోగ్రతనూ, వోల్టేజీలనూ చూపిస్తాయి. 12 వోల్టుల గీత 11.4కూ 12.6కూ మధ్య ఉండాలి.

వేడే అని తేలితే, ఎందుకన్నది తరువాతి ప్రశ్న. ఫ్యాన్ తిరుగుతోందా? దిమ్మ రెక్కల మధ్య దుమ్ము ఉందా? ముందు మెత్తని కుంచెతో దులిపి చూడండి. ఫలితం లేకపోతేనే లేపనం సంగతి. అది ఎండి బీటలిస్తే చిప్పుకూ దిమ్మకూ మధ్య గాలి చేరుతుంది. అల్యూమినియం కంటే గాలి కొన్ని వేల రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేస్తుంది. చిప్పుకు దుప్పటి కప్పినట్టే! మరీ వేడెక్కిన ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి ముందు నెమ్మదిస్తుంది, తరువాత తానే ఆపేస్తుంది. ఆగిపోవడం ఇక్కడ జబ్బు కాదు, ఆత్మరక్షణ.

ఈ చప్పుడు వింటే ఆపెయ్యండి

అన్ని పరీక్షలకూ తొందర లేదుగాని, ఒక్కదానికి ఉంది. హార్డ్‌డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని లయగా చప్పుడొస్తే వెంటనే పరీక్షలు మానెయ్యాలి.

ఎందుకో చూడండి. మామూలు డిస్కు పళ్లెం నిమిషానికి 7,200 సార్లు తిరుగుతుంది, అంటే సెకనుకు 120 సార్లు. పళ్లెం వ్యాసం సుమారు 95 మిల్లీమీటర్లు. లెక్క కడితే దాని అంచు గంటకు దాదాపు 129 కిలోమీటర్ల వేగంతో పోతోందని తేలుతుంది. దాని మీద చదివే తల కొద్ది నానోమీటర్ల ఎత్తున తేలుతూ ఉంటుంది. మన తలవెంట్రుక మందం పదుల వేల నానోమీటర్లు! ఆ తల దారి తప్పి మళ్లీ మళ్లీ మొదటికి వస్తుంటే వచ్చే చప్పుడే అది. తల పళ్లేనికి తగిలిందా, రాసి ఉన్నదంతా గీరుకుపోతుంది.

అందుచేత చప్పుడు వింటే కంప్యూటర్ ఆపండి. డిస్కును తీసి, బాగున్న వేరే కంప్యూటర్‌కు రెండో డిస్కుగా తగిలించండి. ఇంకా చదవగలిగితే, మరెక్కడా నకలు లేనివాటిని ముందు ఎత్తిపెట్టండి. సినిమాలూ పాటలూ తరువాత. డిస్కు మూత మాత్రం విప్పకండి. మన గదిలో కంటికి కనిపించని దుమ్ము రేణువు ఆ తలకు కొండరాయి. నిజానికి నకలు తియ్యవలసిన రోజు చప్పుడు వినిపించిన రోజు కాదు. చప్పుడేమీ లేని ఈ రోజే.

బాగుపడనప్పుడు

అన్నీ చూశాక మదర్‌బోర్డే పోయిందని తేలవచ్చు. అప్పుడు కూడా ర్యామ్, డిస్కు, ఎస్.ఎం.పి.ఎస్. ఇంకో పాత కంప్యూటర్‌కు అక్కరకొస్తాయి. మిగిలినదాన్ని చెత్తకుండీలో వెయ్యకండి, కాల్చకండి. పాత బోర్డుల టంకంలో సీసం ఉంటుంది. తీగల తొడుగులు కాలితే విషవాయువులు వస్తాయి. మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నియమాల ప్రకారం అలాంటివి నమోదైన రీసైక్లింగ్ సంస్థలకు చేరాలి.

మీకో లెక్క

ఒక కంప్యూటర్లో రెండు ర్యామ్ పలకలు, వాటికి రెండు స్లాట్లు ఉన్నాయి. రెండు పలకలూ పెడితే లేవడంలేదు. ఒక్క పలకతోనైనా, ఏ స్లాటులో పెట్టినా లేవగల బోర్డు అది. దోషం రెండు పలకల్లో ఒకదానిదో, రెండు స్లాట్లలో ఒకదానిదో అయి ఉండాలి. అంటే అనుమానితులు నలుగురు, దొంగ ఒక్కడు. ఒక్కసారికి ఒక పలకను ఒక స్లాటులో పెట్టి మీట నొక్కవచ్చు. దొంగను పట్టడానికి ఎన్నిసార్లు మీట నొక్కాలి? నాలుగుసార్లు అనకండి. రెండుసార్లు చాలు. ఎలాగో కాగితం మీద రాసి చూడండి.